మమ్మీని చూడబోయే ముందు

 

బడులకు సెలవులు రాగానే కర్నూలు, కడప, నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు పట్టణాల్లోని మన ఇళ్ళలో హైదరాబాద్ మాట వినిపిస్తుంది. చార్మినార్, మక్కా మసీదు, సాలార్‌జంగ్ మ్యూజియం, జూ పార్కు చూసి రావాలని పిల్లలు పట్టుబడతారు. ఈ వరుసలో పిల్లలు మరో పేరు కూడా చేరుస్తారు. అది నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ (బాగె ఆమ్)లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియం. అక్కడ ఈజిప్టు దేశపు మమ్మీ ఉంది. దక్షిణ భారతంలో ఇలాంటిది కంటితో చూసే అవకాశం అరుదు గనుక పిల్లలకు ఉబలాటం ఉండటం సహజమే.

అయితే ఈ మాట రాగానే చాలా ఇళ్ళలో రెండు రకాల అభిప్రాయాలు వినిపిస్తాయి. "పదండి, ఫిరౌన్‌ను చూసి వద్దాం. ఖుర్‌ఆన్‌లో చెప్పింది కళ్ళారా చూడొచ్చు" అంటారు కొందరు. "తౌబా తౌబా! కాఫిర్ల శవాన్ని డబ్బిచ్చి చూడ్డమా? అది గునాహ్" అంటారు ఇంట్లోని దాదీ, నానీలు. పిల్లలు మధ్యలో బిక్కమొహం వేస్తారు. ఈ విషయమై మమ్మల్ని అడిగేవారు తరచూ తారసపడుతుంటారు. మా దృష్టిలో ఈ రెండు మాటలూ సరిదిద్దుకోవలసినవే. మొదటి మాటలో విశ్వాసం ఉంది కానీ విచారణ లేదు. రెండో మాటలో భక్తి ఉంది కానీ వివరణ లేదు.

చూడటం తప్పా?

దివ్యఖుర్‌ఆన్ చదివేవారికి ఒక విషయం బాగా తెలుసు. భూమిపై తిరగండి, మీకు పూర్వం గతించినవారి పర్యవసానం ఏమైందో చూడండి అనే భావం అందులో పదే పదే వస్తుంది. రూమ్ సూరా 9వ ఆయత్‌లో మరో మాట కూడా ఉంది. ఆ పూర్వీకులు మనకన్నా బలవంతులు, భూమిని మనకన్నా ఎక్కువగా దున్నినవారు, ఎక్కువగా కట్టడాలు కట్టినవారు. అయినా పోయారు! కాబట్టి పూర్వజాతుల ఆనవాళ్ళను చూడటం దానంతటది తప్పు కాదు. ఎలా చూస్తున్నామన్నదే ప్రశ్న. హజ్ సూరా 46వ ఆయత్‌లో అల్లాహ్ దీన్ని తేటతెల్లం చేశాడు. గుడ్డివయ్యేది కళ్ళు కాదు, రొమ్ముల్లోని హృదయాలు.

హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్ ప్రయాణం జరిగింది. దారిలో హిజ్ర్ అనే చోట కొండలను తొలిచి కట్టుకున్న సమూద్ జాతి ఇళ్ళు వచ్చాయి. దైవప్రవక్త (స) అక్కడ ఆగలేదు. తలపై వస్త్రం కప్పుకుని వాహనాన్ని త్వరగా నడిపించారు. శిక్షకు గురైనవారి నివాసాల్లోకి కన్నీళ్ళతో తప్ప ప్రవేశించవద్దని సహచరులకు ఉపదేశించారు. అక్కడి నీళ్ళతో కలిపిన పిండిని సైతం ఒంటెలకు పెట్టమన్నారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఈ సంఘటన ఉంది.

ఈ హదీసును ఆధారం చేసుకుని కొందరు పెద్దలు మ్యూజియం వద్దంటారు. వారి భయభక్తులను మేము గౌరవిస్తాం. కానీ ఒక్క విషయం ఆలోచించాలి. సమూద్ జాతిపై దైవశిక్ష పడిందని స్వయంగా అల్లాహ్ తెలియజేశాడు. హైదరాబాద్‌లో గాజుపెట్టెలో ఉన్న ఆ దేహంపై శిక్ష పడిందని మనకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కనుక ఆ హదీసులోని నిషేధం ఇక్కడ వర్తించదు. దానిలోని మర్యాద మాత్రం తప్పక వర్తిస్తుంది. పూర్వీకుల ఆనవాళ్ళ మధ్య విశ్వాసి తమాషా చూసేవాడిలా తిరగడు.

ఇంతకూ అక్కడున్నది ఎవరు?

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అల్లుడైన నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో ఈ మమ్మీని వెయ్యి పౌండ్లకు కొన్నారు. దాన్ని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు సమర్పించగా, ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చేశారు. దేహం పాడవుతున్నట్టు గమనించి 2016లో ఎక్స్‌రేలు తీసి పరీక్షించారు. ప్రాణవాయువు సోకకుండా నత్రజని నింపిన గాజుపెట్టెలో భద్రపరిచారు. ఆమె పేరు నైషు అని, ఈజిప్టు రాకుమారి అని చెబుతారు. రెండువేల ఏళ్ళు దాటిన దేహమది.

గమనించారా? ఆమె! అక్కడున్నది ఓ స్త్రీ. హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను వెంటాడి సముద్రంలో మునిగిన ఫిరౌన్ కాదు. మూసా (అ) కాలం ఆమెకన్నా ఎన్నో వందల ఏళ్ళు ముందుది. మరి ఆ పెట్టె ముందు నిలబడి "బేటా, ఇతడే ఫిరౌన్" అని పిల్లవాడికి చెబితే ఏమవుతుంది? ఆ పిల్లవాడు పెద్దవాడై పక్కనున్న పలకను చదువుతాడు. మనం ధర్మం పేరుతో చెప్పిన మాట అబద్ధమని తెలుసుకుంటాడు. రేపు మనం చెప్పే నిజాలను కూడా అనుమానిస్తాడు. ఈ నష్టం చిన్నది కాదు సోదరులారా! విన్న ప్రతి మాటనూ చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించిన సంగతి ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది.

ఇంకో అన్యాయం కూడా ఉంది. ఈజిప్టు దేశస్థురాలైనంత మాత్రాన ఆమెను ఫిరౌన్ జాబితాలో వేసేయడం మనకు తగునా? ఫిరౌన్ ఇంట్లోనే హజ్రత్ ఆసియా ఉన్నారు. స్వర్గంలో తన ప్రభువు సన్నిధిలో ఇల్లు కోరుకున్న ఆ పుణ్యవతిని తహ్రీమ్ సూరా 11వ ఆయత్‌లో అల్లాహ్ విశ్వాసులందరికీ ఆదర్శంగా నిలిపాడు. ఫిరౌన్ వంశంలోనే తన విశ్వాసాన్ని దాచుకున్న ఓ పురుషుడు మూసా (అ) పక్షాన నిండు సభలో మాట్లాడాడు. ఆయన ప్రస్తావన మోమిన్ సూరాలో ఉంది. మరి నైషు సంగతి? ఆమె ఎవరిని ఆరాధించింది, ఆమె వద్దకు ఏ సందేశం చేరింది, ఏ స్థితిలో కన్నుమూసింది, ఇవేవీ మనం తీర్పు చెప్పే విషయాలు కావు.

ఈ ప్రశ్నకు జవాబు మనం వెతుక్కోనక్కర్లేదు. స్వయంగా ఫిరౌనే దీన్ని మూసా (అ)ను అడిగాడు. మరి ముందు గతించిన తరాలవారి సంగతేమిటని నిలదీశాడు. ఇది ఉచ్చు లాంటి ప్రశ్న. వాళ్ళంతా నరకవాసులని అంటే సభలోని జనం తమ తాతముత్తాతలను తిట్టాడని రెచ్చిపోతారు. అప్పుడు మూసా (అ) ఏమన్నారు? ఆ జ్ఞానం నా ప్రభువు వద్ద ఒక గ్రంథంలో ఉంది, ఆయన పొరబడడు, మరచిపోడు అనే భావంలో సమాధానమిచ్చారు. తాహా సూరా 51, 52 ఆయతులు చూడండి. ఈజిప్టు గడ్డపై, ఈజిప్టు రాజు ముందు, ఈజిప్టు పూర్వీకుల గురించి ఒక ప్రవక్త చెప్పిన మాట ఇది! ఆ గాజుపెట్టె ముందు మన పిల్లలకు నేర్పవలసిన మాట కూడా ఇదే.

ఫిరౌన్ దేహం సంగతేమిటి?

యూనుస్ సూరా 92వ ఆయత్‌లో ఫిరౌన్ దేహాన్ని కాపాడి తరువాతివారికి సూచనగా చేస్తానని అల్లాహ్ తెలిపాడు. ఇది నిస్సందేహంగా సత్యం. బనీ ఇస్రాయీల్‌లో కొందరికి ఫిరౌన్ చచ్చాడంటే నమ్మకం కుదరలేదని, అప్పుడు అల్లాహ్ ఆజ్ఞతో సముద్రం అతని దేహాన్ని ఎత్తయిన చోటికి విసిరేసిందని వ్యాఖ్యాతలు వివరించారు. అంటే ఈ ఆయత్ అర్థం ఏ మ్యూజియం మీదా ఆధారపడి లేదు. మ్యూజియాలు లేని కాలంలోనూ మన పెద్దలు దీన్ని చదివారు, విశ్వసించారు, వణికిపోయారు.

ఆ ఫిరౌన్ పేరేమిటో ఖుర్‌ఆన్ చెప్పలేదు. ఫిరౌన్ అనేది ఆ రాజుల బిరుదు. రెండవ రామెసెస్ అని కొందరు, అతని కుమారుడు మెర్నెప్తా అని కొందరు అంచనాలు వేశారు. రామెసెస్ దేహం 1881లో లక్సర్ ఎదుట ఉన్న దైర్ అల్ బహ్రీలో బయటపడింది. పురోహితులు దాన్ని అక్కడ దాచారు. మెర్నెప్తా దేహం 1898లో రాజుల లోయలోని మరో రాజు సమాధిలో దొరికింది. ఎర్రసముద్రపు ఒడ్డున దొరికిందంటూ సెల్‌ఫోన్లలో తిరిగే బొమ్మలను నమ్మవద్దు, ఇతరులకు పంపవద్దు. ఆ రాజుల దేహాలు ఇప్పుడు కైరోలో ఉన్నాయి. 2021 ఏప్రిల్ 3న 22 రాజదేహాలను తహ్రీర్ కూడలిలోని పాత మ్యూజియం నుండి ఫుస్తాత్‌లోని నాగరికతా మ్యూజియానికి ఊరేగింపుగా తరలించారు. ఫుస్తాత్ అంటే హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) నెలకొల్పిన పట్టణం. ఆఫ్రికా ఖండంలోని తొలి మసీదుల్లో ఒకటి ఆయన పేరుతో అక్కడే ఉంది. ఎంత విచిత్రం చూడండి! తానే మహాప్రభువునని చాటుకున్న ఫిరౌన్ల సింహాసనం మీద కూర్చున్నవారు నేడు అజాన్ వినిపించే చోట గాజుపెట్టెల్లో పడుకుని ఉన్నారు.

కువైట్, సౌదీలలో పనిచేసే మన కడప, రాయచోటి సోదరుల్లో కైరో వెళ్ళే వీలు కలిగేవారూ ఉంటారు. గిజా పిరమిడ్ల దగ్గర 2025 నవంబరు 1న అతిపెద్ద ఈజిప్టు మ్యూజియం లాంఛనంగా తెరుచుకుంది. 1922లో బయటపడిన తూతన్‌ఖామున్ సమాధిలోని వస్తువులు దాదాపు అన్నీ అక్కడికి చేరాయి. అతని సింహాసనం నమూనా ఒకటి మన సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ఉంది. అసలు సింహాసనం అక్కడ, నకలు ఇక్కడ. కూర్చున్నవాడు మాత్రం ఎక్కడా లేడు! ఇదీ ఇబ్రత్. ఇతడే మూసా (అ) కాలపు ఫిరౌన్ అని వేలు చూపించకపోయినా గుణపాఠానికి ఏ లోటూ రాదు.

ఆమె కూడా ఒక ప్రాణి కాదా?

హజ్రత్ సహల్ బిన్ హునైఫ్ (రజి), హజ్రత్ ఖైస్ బిన్ సఅద్ (రజి) ఖాదిసియాలో కూర్చుని ఉండగా ఒక జనాజా వెళ్ళింది. ఇద్దరూ లేచి నిలబడ్డారు. అది ముస్లిమేతరుడి శవమని పక్కవారు గుర్తు చేశారు. అప్పుడు వారు దైవప్రవక్త (స) జీవితంలోని సంఘటన చెప్పారు. ఆయన (స) ముందు నుంచి ఒక యూదుని జనాజా వెళితే ఆయన లేచి నిలబడ్డారు. అది యూదునిదని చెబితే, అదీ ఒక ప్రాణమే కదా అన్న భావంతో ఎదురు ప్రశ్న వేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ఈ హదీసును ప్రతి ఇంట్లో పిల్లలకు చెప్పాలి. హైదరాబాద్ బస్సు ఎక్కకముందే చెప్పాలి.

ఎందుకంటే ఆ పెట్టె ముందు తరచూ కనిపించే దృశ్యం వేరు. కేకలు, వెకిలి నవ్వులు, దయ్యం వచ్చిందంటూ చిన్నపిల్లలను భయపెట్టడం, ఫోన్ ఎత్తి మొహం పక్కన మొహం పెట్టి సెల్ఫీలు! మన అక్కో చెల్లెలో మరణిస్తే ఆమె మయ్యత్ పక్కన ఇలా చేస్తామా? చేయం. మరి రెండువేల ఏళ్ళ క్రితం ఆమె కూడా ఒక తల్లికి బిడ్డే. ఆమెకోసం ఏడ్చినవారు ఉండే ఉంటారు. కాలం గడిచినంత మాత్రాన మనిషి వస్తువైపోడు.

మా మదర్సాలో ఈ పాఠం చెబుతుంటే ఒక చిన్నారి, "మౌల్వీ సాబ్, మరి ఆమెకు ఖబర్ లేదా?" అని అడిగింది. పెద్దలమైన మనకు తట్టని ప్రశ్న అది. హజ్రత్ ఆదం (అ) కుమారుడు తన తమ్ముణ్ణి చంపి, శవాన్ని ఏం చేయాలో తెలియక తిరుగుతుంటే, అల్లాహ్ ఒక కాకిని పంపి నేల తవ్వడం చూపించాడు. నాటి నుండీ మట్టిలో దాచడమే మనిషి దేహానికి దక్కే గౌరవం. అబస సూరాలో కూడా మనిషికి మరణమిచ్చి సమాధిలోకి చేర్చడాన్ని అల్లాహ్ తన అనుగ్రహాల వరుసలో ప్రస్తావించాడు. సమాధుల నుండి దేహాలను వెలికితీసి, దేశాలు దాటించి, వెలకట్టి అమ్మడం మన ధర్మం నేర్పిన పద్ధతి కాదు. కొన్నది నవాబులైనా, ఇచ్చింది నిజాం ప్రభువైనా ఈ మాట మారదు. అయితే జరిగిపోయినదాన్ని ఆ సందర్శకుడు మార్చలేడు. అతని చేతిలో ఉన్నది తన చూపు, తన నాలుక, తన ప్రవర్తన. వాటికే అతను జవాబుదారి. ఈ కారణంగా ఎవరైనా ఆ గదిలోకి వెళ్ళకూడదనుకుంటే వారిని బలవంతం చేయవద్దు, ఎగతాళి చేయవద్దు. వెళ్ళేవారు మాత్రం ఖబరస్తాన్‌లోకి వెళ్ళినట్టు వెళ్ళండి. గొంతు తగ్గించండి. ఫోన్ జేబులో పెట్టండి. కాసేపు నిలబడి మీ మరణాన్ని తలచుకోండి. సమాధుల సందర్శనం మరణాన్ని గుర్తు చేస్తుందని ప్రవక్త (స) బోధించిన ఉద్దేశం అక్కడ నెరవేరనివ్వండి.

నార పట్టీలు, కఫన్ వస్త్రాలు

మమ్మీని ఎలా తయారుచేసేవారో కూడా పిల్లలకు చెప్పవచ్చు. ఇది జ్ఞానమే. మెదడును ముక్కు గుండా తీసేసేవారు. పొట్టలోని అవయవాలు తీసి వేరే జాడీల్లో పెట్టేవారు. గుండెను మాత్రం లోపలే ఉంచేవారు. ఎండిన సరస్సుల్లో దొరికే నేట్రాన్ అనే ఉప్పులో దేహాన్ని సుమారు 40 రోజులు ఎండబెట్టేవారు. తర్వాత నూనెలు, చెట్ల బంకలు పూసి, అవిసె నార గుడ్డ పట్టీలు చుట్టేవారు. అంతా అయ్యేసరికి 70 రోజులు. పక్కనే నగలు, తిండి, పాత్రలు, సేవకుల బొమ్మలు! మరణానంతర జీవితం ఉందని వాళ్ళకూ తెలుసు. కానీ దానికి కావలసింది ఏమిటో తెలియక దేహాన్ని, సామాన్లను కాపాడుకున్నారు. ఆ సామాన్లను దొంగలు దోచుకుపోయారు. దేహాలు మ్యూజియాలకు చేరాయి.

మన దగ్గర? జనాజా విషయంలో తొందరపడమని ప్రవక్త (స) ఆదేశం. గోరువెచ్చని నీళ్ళు, రేగాకు, కాస్త కర్పూరం. మగవారికి మూడు, ఆడవారికి ఐదు వస్త్రాలు. స్వయంగా దైవప్రవక్త (స)కు మూడు తెల్లని నూలు వస్త్రాలతోనే కఫన్ చుట్టారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మన ఆదోని పత్తితో నేసిన మామూలు గుడ్డ నవాబుకైనా, హమాలీకైనా ఒకటే. ఆ తర్వాత మట్టి. దేహం మట్టిలో కలిసిపోతుందని మనకు బెంగ లేదు. ఎందుకంటే కుళ్ళిపోయిన ఎముకలకు ప్రాణం పోసేవాడికి గాజుపెట్టె అవసరం లేదు, నత్రజనీ అవసరం లేదు. అయితే మరి మనమూ లోపల్లోపల ఈజిప్టువారిలాగే బతుకుతున్నామా? బిడ్డ పెళ్ళికి నగలు, ఇంటిపై ఇల్లు, అలమరా నిండా సామాను. వెంట వచ్చే సామాను ఎంత? ఈ లెక్క ఆ గదిలో వేసుకోవాలి.

సీమవాసులకు ఈజిప్టు చెప్పే పాఠం

ఈజిప్టు మన సీమలాంటి వానలేని నేల. నైలు నది లేకపోతే అది ఇసుకే. ఆ నదిని చూసుకునే ఫిరౌన్ విర్రవీగాడు. ఈ రాజ్యం నాది కాదా, ఈ నదీపాయలు నా కింద పారడం లేదా అన్నట్టు ప్రజలముందు ప్రగల్భాలు పలికాడని జుఖ్రుఫ్ సూరా 51వ ఆయత్ చెబుతుంది. ఏ నీళ్ళను చూసి గర్వించాడో ఆ నీళ్ళలోనే మునిగాడు. కె.సి. కాలువకు ఎప్పుడు నీళ్ళొదులుతారా అని ఎదురుచూసే మనకు నీటి విలువ చెప్పనక్కర్లేదు. నీటి ఆధిపత్యం ఎవరి చేతిలో ఉందో కూడా మనం చూశాం. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్టణమే మునిగిపోయింది. కరువుసీమ జనం మేడలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. చుక్క నీటికోసం ప్రార్థించే చోటే, నీరు తగ్గాలని ప్రార్థించాల్సి వచ్చింది. వరదలో చిక్కినవారంతా పాపులని మేము అనడం లేదు, అలా అనే హక్కు ఎవరికీ లేదు. మనిషి ఎంత బలహీనుడో ఆ రోజు అందరికీ తెలిసిందని మాత్రమే అంటున్నాం.

అదే ఈజిప్టులో మరో అధికారి కూడా ఉన్నారు. హజ్రత్ యూసుఫ్ (అ). ఏడేళ్ళ పంట, ఏడేళ్ళ కరువు రాబోతున్నాయని ఆయన కల అర్థం చెప్పారు. తినేదానికి తప్ప మిగతా ధాన్యాన్ని వెన్నుల్లోనే ఉంచి నిల్వ చేయాలని ఉపాయమూ చెప్పారు. ఖజానా బాధ్యత భుజాన వేసుకుని జనం ప్రాణాలు కాపాడారు. 1876-78 మహాకరువులో బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలు ఎంతగా విలవిల్లాడాయో తెలిసిన సీమకు యూసుఫ్ (అ) కథ కేవలం కథ కాదు. పెన్నా లోయ అంచున గండికోటకు వెళ్ళినవారు జామియా మసీదు పక్కనే పెద్ద ధాన్యాగారాన్ని చూసి ఉంటారు. హైదరాబాద్ వెళ్ళలేని కుటుంబాలు పిల్లల్ని అక్కడికే తీసుకెళ్ళండి. కోట కట్టినవారు లేరు. కోటను గెలిచినవారూ లేరు. భూమిపై తిరిగి చూడమన్న దైవాజ్ఞ పాటించడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

ఒకే నేలపై ఇద్దరికి అధికారం దక్కింది. ఒకరు పిల్లల్ని చంపించారు, ఒకరు జనానికి అన్నం పెట్టారు. ఒకరి పేరు వింటే శాపం, ఒకరి పేరు వింటే సలాం. మనకు దక్కిన చిన్న అధికారాన్ని, ఇంట్లో భార్యాబిడ్డలపై, దుకాణంలో పనివాళ్ళపై, వీధిలో పేదవారిపై మనం ఎవరిలా వాడుతున్నాం?

ప్రయాణం ఎలా ఏర్పాటు చేసుకోవాలి?

మొదట నియ్యత్ సరిచేసుకోండి. తమాషా కోసం కాదు, ఇబ్రత్ కోసం, జ్ఞానం కోసం అని సంకల్పించండి.

శుక్రవారం ఈ మ్యూజియానికి సెలవు, సాలార్‌జంగ్‌కూ సెలవే. ప్రభుత్వ సెలవు దినాల్లోనూ పురావస్తు మ్యూజియం తెరవరు. బయలుదేరే ముందు తెరిచే వేళలు కనుక్కోండి. తుంగభద్ర ఎక్స్‌ప్రెస్‌లో కర్నూలు నుండి, వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో కడప నుండి వెళ్ళవచ్చు.

కర్నూలు నుండి హైదరాబాద్ 200 కిలోమీటర్లకు పైగా, కడప నుండి దాదాపు 400 కిలోమీటర్లు. హనఫీ మస్లక్ ప్రకారం 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్ల ప్రయాణానికి బయలుదేరి ఊరి పొలిమేర దాటినవారు ముసాఫిర్లు. అక్కడ 15 రోజులకన్నా తక్కువ ఉండాలనుకుంటే జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు రెండేసి రకాతులు చేయాలి. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమామ్ వెనుక జమాఅత్‌తో చేస్తే పూర్తిగా చేయాలి. పబ్లిక్ గార్డెన్స్‌లోనే షాహీ మసీదు ఉంది. జుహ్ర్ అక్కడే చేసుకుని మ్యూజియానికి నడిచి వెళ్ళవచ్చు. మమ్మీని చూసే హడావిడిలో నమాజు పోగొట్టుకుంటే, చచ్చిన రాజులనుండి మనం ఏమీ నేర్చుకోనట్టే.

మ్యూజియంలో బౌద్ధ, జైన, హిందూ విగ్రహాలు కూడా ఉన్నాయి. ఆరాధనాభావం లేకుండా చరిత్ర తెలుసుకోవడానికి చూడటం వేరు, పూజించడం వేరు. ఈ తేడా పిల్లలకు నెమ్మదిగా చెప్పండి. కానీ వాటిని చూసి వెక్కిరించడం, దూషించడం చేయనివ్వవద్దు. ఇతరులు ఆరాధించేవాటిని తిట్టవద్దని అన్‌ఆమ్ సూరా 108వ ఆయత్‌లో అల్లాహ్ స్వయంగా నిషేధించాడు. పక్కన నిలబడి చూస్తున్నవారు మన పొరుగువారు, మన ఊరివారు.

సాలార్‌జంగ్‌కు వెళితే గడియారం కొట్టేంతవరకు నిలబడి తిరిగి రాకండి. అక్కడ ప్రఖ్యాత లిపికారుడు యాఖూత్ అల్ ముస్తఅసిమీ రాసిన ఖుర్‌ఆన్ ప్రతి ఉంది. జహంగీర్, షాజహాన్, ఔరంగజేబు చక్రవర్తుల సంతకాలు దానిపై ఉన్నాయి. ఆ చక్రవర్తులూ పోయారు, గ్రంథం మిగిలింది. దాన్ని పిల్లలకు తప్పక చూపించండి.

చివరగా ఒక విన్నపం. ప్రయాణానికి పెట్టే ఖర్చులో ఒక వంతు పక్కన పెట్టండి. తిరిగి వచ్చాక దానితో మీ వీధిలో చలివేంద్రమో, బడిలో నీళ్ళ డ్రమ్మో, పేద ఇంటికి నెల బియ్యమో ఏర్పాటు చేయండి. ఆ పని పిల్లల చేతుల మీదుగా చేయించండి. దేహాన్ని దాచుకున్నవారికి గాజుపెట్టె మిగిలింది. దాహం తీర్చినవారికి అల్లాహ్ దగ్గర ఏం మిగులుతుందో ఆ పిల్లలు జీవితాంతం గుర్తుంచుకుంటారు.

ఓ అల్లాహ్! చూసే కళ్ళతోపాటు గ్రహించే హృదయాలను మాకు ప్రసాదించు. మేము ఎరుగని విషయాల్లో తీర్పులు చెప్పకుండా మా నాలుకలను కాపాడు. బలమిచ్చినప్పుడు మమ్మల్ని ఫిరౌన్ మార్గం నుండి దూరంగా ఉంచు, యూసుఫ్ (అ) మార్గంలో నడిపించు. మా సీమపై మేలైన వర్షాలు కురిపించు. మట్టిలో కలిసిన రోజున మాపై దయ చూపించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!